ఐర్లండ్ పూర్వికుల అన్వేషణ: కిల్‌బేన్ అనే అరుదైన ఇంటిపేరు, మేయో కౌంటీ

శారద, క్లీవ్‌లాండ్

సభ్యులందరికీ నమస్కారం. మా అత్తగారి పుట్టింటి ఇంటిపేరు కిల్‌బేన్. ఆమె తాతగారు 1880ల నడుమ ఐర్లండ్ నుంచి ఒహాయో రాష్ట్రానికి వలస వచ్చి, క్లీవ్‌లాండ్ రేవులో ఓడల నుంచి ఇనుప ఖనిజం దించే పనిలో కుదిరి, ఇక్కడే పెళ్లి చేసుకుని, 1921లో కాలం చేశారు. ఆయన మేయో కౌంటీ మనిషని తప్ప ఇంట్లో ఎవరికీ ఇంకేమీ తెలియదు. అత్తగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. మా పిల్లలకు నా వైపు ఊరూ, గోత్రమూ, అయిదారు తరాల పేర్లూ నోటికి వచ్చుననీ, తన వైపు నుంచి వాళ్లకు ఒక్క ఊరి పేరైనా ఇవ్వలేకపోతున్నాననీ ఆమె తరచుగా అంటారు. ఆమె ఉండగానే ఆ ఊరేదో తెలుసుకోవాలని నా కోరిక.

ఇంటిపేరు అరుదైనది కాబట్టి పని సులువుగా సాగుతుందని బంధువులు అంటున్నారు. ఐర్లండ్ జనన నమోదుల్లో ఆయన పేరుతో వెతికితే మాత్రం వయసుకు సరిపడేవారు ఎవరూ కనిపించలేదు. మరణ పత్రంలో ఆయన వయసు 59 అని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవమున్నవారు చెప్పగలరా?

డబ్లిన్‌వాసి

శారదగారూ, ఆయన జననం నమోదుల్లో దొరకకపోవడానికి కారణం మీ లెక్కలోనే ఉంది. 1921లో 59 ఏళ్లంటే 1862 ప్రాంతంలో పుట్టి ఉండాలి. ఐర్లండ్‌లో అన్ని మతాలవారి జనన, మరణ, వివాహాలను ప్రభుత్వం నమోదు చేయడం 1864 జనవరి 1న మొదలైంది. అంతకుముందు 1845 నుంచి కథోలికేతరుల పెళ్లిళ్లను మాత్రమే రాసుకునేవారు. మేయోలోని కథోలిక రైతు కుటుంబంలో 1862లో పుట్టిన బిడ్డకు ప్రభుత్వ జనన పత్రం ఉండే అవకాశమే లేదు.

ఇక జనాభా లెక్కల సంగతి తెలిస్తే ఎవరికైనా గుండె చివుక్కుమంటుంది. 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు గణనల పత్రాలు డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో ఉండేవి. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం తొలి రోజుల్లో, ఆ ఆఫీసు ఉన్న ఫోర్ కోర్ట్స్ న్యాయస్థానాల ప్రాంగణంలో జరిగిన పేలుడులో, దాని వెంట లేచిన మంటల్లో వాటిలో చాలా భాగం బూడిదయింది. 1861, 1871 గణనల పత్రాలను అంతకు చాలా ముందే ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాగితపు గుజ్జుగా మారాయి. అందువల్ల కుటుంబ పరిశోధకులు ఎక్కువగా ఆధారపడేవి పూర్తిగా మిగిలిన 1901, 1911 గణనలే. ఆ రెండింటినీ ఐర్లండ్ జాతీయ పత్రాగారం అంతర్జాలంలో ఉచితంగా చూపిస్తుంది. మీ అత్తగారి తాతగారు అప్పటికే అమెరికాలో ఉన్నారు కాబట్టి వాటిలో ఆయన కనిపించరు. కనిపించవలసినవారు ఆయన వెనుక వదిలి వచ్చిన తల్లిదండ్రులూ, తోబుట్టువులూ.

పేరును కాసేపు పక్కన పెట్టి ఊరిని వెతకండి. ఐర్లండ్‌లో భూమి అరవై వేలకు పైగా టౌన్‌ల్యాండ్‌లుగా విభజించబడి ఉంది. టౌన్‌ల్యాండ్ అంటే ఒక్కొక్కసారి పది ఇళ్లు కూడా లేని చిన్న శివారు. అయినా రికార్డులన్నీ దానిచుట్టూనే తిరుగుతాయి. ఆ ఒక్క పేరు దొరికితే పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం), నమోదు జిల్లా, భూమి రికార్డు వరుసగా తెరుచుకుంటాయి. ఆ పేరు మాత్రం ఐర్లండ్‌లో కంటే అమెరికాలో దొరికే అవకాశమే ఎక్కువ. అందుచేత మీ ఊళ్లోని కాగితాలన్నీ పూర్తిగా చూశాకే సముద్రం దాటండి.

పాతకాగితాలు, హైదరాబాద్

డబ్లిన్‌వాసిగారు చెప్పినదానికి ఇంటిపేరు గురించి కొంత చేర్చవలసి ఉంది, ఎందుకంటే అరుదైన పేరు వెతికేవారికి మేలు ఎంత చేస్తుందో, సరిగా పట్టుకోకపోతే దారి అంతగానూ తప్పిస్తుంది.

కిల్‌బేన్ అనేది ఐరిష్ భాషలోని ‘మక్ గిల్లా వాన్’ అనే పేరును ఇంగ్లీషు రాతలో ఇరికించగా వచ్చిన రూపం. అందులో చివరి మాటకు తెలుపు అని అర్థం. అందువల్ల అదే కుటుంబాన్ని ఒక గుమాస్తా కిల్‌బేన్ అనీ, మరొకరు గిల్‌బేన్ అనీ, ఇంకొకరు ఏకంగా అర్థాన్ని పట్టుకుని వైట్ అనీ రాశారు. వైట్ అన్నది ఇంగ్లీషువారిలో కోకొల్లలుగా ఉండే పేరు కాబట్టి, ఒక్క గుమాస్తా కలంపోటుతో మీ అరుదైన పేరు జనసముద్రంలో కలిసిపోగలదు. ఆనాడు పల్లెల్లో చాలామంది తమ పేరును తాము రాసుకోలేదు. పలికింది విని పాదిరో, రిజిస్ట్రారో, పోలీసు కానిస్టేబులో రాశారు. కాబట్టి ‘మా పేరును మేమెప్పుడూ ఇలాగే రాశాం’ అని కుటుంబాలు గట్టిగా చెప్పే మాట 1900కు ముందు కాలానికి వర్తించదు.

ఒక సాంకేతికమైన చిక్కు కూడా ఉంది. చాలా వెబ్‌సైట్లు దగ్గరి ఉచ్చారణలను పట్టుకోవడానికి సౌండెక్స్ అనే సంకేత పద్ధతిని వాడతాయి. ఆ పద్ధతిలో మొదటి అక్షరం మారకుండా ఉంటుంది, తర్వాతి హల్లులు అంకెలవుతాయి. కిల్‌బేన్‌కూ గిల్‌బేన్‌కూ అంకెలు 415గా ఒక్కటే అయినా, మొదటి అక్షరాలు కే, జీ అని వేరు కావడం వల్ల ఒకదాన్ని వెతికితే రెండోది రాదు. మొదటి అక్షరం స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టి వెతకడానికి అవకాశమిచ్చే సైట్లలో అలాగే వెతకండి. అవకాశం లేనిచోట ప్రతి రూపాన్నీ విడివిడిగా ఇచ్చి చూడండి.

ఈ పేరుగలవారు మేయో తీరంలోని అకిల్ ద్వీపంలో ఎక్కువ. అకిల్ నుంచి క్లీవ్‌లాండ్‌కు దశాబ్దాల పాటు వలస సాగిందనీ, పడమటి ఒడ్డున సెయింట్ మలకీ, సెయింట్ కోల్మన్ పారిష్‌లలో ఆ ద్వీపంవారు గుంపుగా స్థిరపడ్డారనీ మీరు వినే ఉంటారు. 1912 నుంచి 1923 వరకు ఫెదర్‌వెయిట్ బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచిన జానీ కిల్‌బేన్ ఆ క్లీవ్‌లాండ్‌లోనే పుట్టాడు. ఈ ఇంటిపేరున్న ప్రతి కుటుంబమూ ఆయనను తమ చుట్టంగా చెప్పుకోవడం సహజమే కానీ, కాగితం చూపించేదాకా ఆ బంధుత్వాన్ని వంశవృక్షంలో చేర్చకండి. అకిల్ అన్నది కూడా ప్రస్తుతానికి బలమైన ఊహ మాత్రమే, రుజువు కాదు.

శారద, క్లీవ్‌లాండ్

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు ఇక్కడి కాగితాలతో మొదలుపెట్టాను. 1908 డిసెంబరు చివరి నుంచి ఒహాయో రాష్ట్రమంతటా మరణ పత్రాలను ఒకే పద్ధతిలో రాశారు, వాటి చిత్రాలు ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. తాతగారి పత్రంలో తండ్రి పేరుతో పాటు తల్లి పుట్టింటి ఇంటిపేరు కాఫర్కీ అని స్పష్టంగా ఉంది. ఆ వివరాలు చెప్పినవారి స్థానంలో ఆయన పెద్ద కొడుకు సంతకం కనిపించింది. పుట్టిన ఊరి దగ్గర మాత్రం ‘ఐర్లండ్’ అని ఒక్క మాట రాసి వదిలేశారు. పౌరసత్వ పత్రం 1906కు ముందుది కావడంతో అందులోనూ ఊరి ప్రస్తావన లేదు, అయితే అక్కడ ఇంటిపేరు గిల్‌బేన్ అని ఉండటం చూసి పాతకాగితాలుగారి మాట ఎంత నిజమో తెలిసింది.

ఇప్పుడు ఈ కాఫర్కీ అన్న పేరు ఎంతవరకు ఉపయోగపడుతుంది?

పాతకాగితాలు, హైదరాబాద్

చాలా ఉపయోగపడుతుందమ్మా. కాఫర్కీ కూడా మేయో వైపు కనిపించే అరుదైన పేరే. ఒక అరుదైన పేరు జిల్లాను చూపిస్తే, భార్యాభర్తల రెండు అరుదైన పేర్లు కలిసి ఇంటినే చూపించగలవు. తండ్రి కిల్‌బేన్, తల్లి పుట్టింటివారు కాఫర్కీ అయిన దంపతులు ఒకే కాలంలో ఎందరుంటారు? ఒకరో, ఇద్దరో. అయితే తల్లి పేరు చెప్పినది కొడుకనీ, ఆయన తన నాయనమ్మను చూసి ఉండకపోవచ్చనీ గుర్తుంచుకోండి. అది మనం పరీక్షించవలసిన ఆధారమే గానీ, పరీక్ష ముగిసిన నిజం కాదు.

ఇక చేయవలసిన పని. ఆయన 1862లో పుట్టి జనన నమోదుకు అందలేదు సరే, 1864 తర్వాత ఆయనకు తమ్ముళ్లూ చెల్లెళ్లూ పుట్టి ఉంటే వాళ్లు అందుతారు. మనం వెతకవలసినది వాళ్లను. ఐర్లండ్ ప్రభుత్వ వంశావళి సైట్‌లో నూరేళ్లు దాటిన జననాలు, 75 ఏళ్లు దాటిన వివాహాలు, 50 ఏళ్లు దాటిన మరణాల రిజిస్టర్ పుటలు ఉచితంగా ఉన్నాయి. ఆ కాలపు జననాల సూచికలో తల్లి ఇంటిపేరు ఉండదు కాబట్టి పుట చిత్రాన్ని తెరిచి చదవవలసిందే. మర్ఫీ, కెల్లీ వంటి పేర్లయితే ఈ పనికి ఒక జన్మ చాలదు. కిల్‌బేన్ కాబట్టి, ఒక నమోదు జిల్లాలో 1864 నుంచి 1880 వరకు పుట్టిన ఆ పేరువారందరి పుటలనూ తెరిచి, తండ్రి, తల్లి, టౌన్‌ల్యాండ్ వారీగా పట్టిక వేయవచ్చు. అరుదైన పేరు మనకిచ్చే అసలైన వరం ఇదే: ఒక్క మనిషి కోసం గుడ్డిగా వెతకకుండా, ఆ పేరున్న సమూహాన్నంతటినీ కాగితం మీద నిలబెట్టి, ఎవరు ఎవరి పిల్లలో విడదీసి, మిగిలిన ఖాళీలో మన మనిషిని చూడవచ్చు.

అకిల్ మొదట న్యూపోర్ట్ జిల్లాలోనూ, తర్వాత వెస్ట్‌పోర్ట్ జిల్లాలోనూ ఉండేది. రెండింటినీ చూడండి.

జన్యురేఖ, మెల్‌బోర్న్

చర్చలో ఆలస్యంగా చేరుతున్నందుకు మన్నించండి. ఇంత శ్రమ ఎందుకని నా సందేహం. మీ అత్తగారి చేత డీఎన్ఏ పరీక్ష చేయిస్తే, అకిల్‌లో ఇప్పటికీ ఉన్న బంధువులతో పోలిక కొన్ని వారాలలో బయటపడుతుంది. ఆమె పెద్దవారు కాబట్టి ఆమె నమూనా విలువ మీ పిల్లల నమూనా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాగితాలు ఎప్పుడైనా చూసుకోవచ్చు, ఆ నమూనాను మాత్రం ఇప్పుడే ఇప్పించాలి. ఆమె అన్నదమ్ములుగానీ, కిల్‌బేన్ మగ సంతతిలో ఇంకెవరైనాగానీ ఉంటే వై-క్రోమోజోమ్ పరీక్ష కూడా చేయించవచ్చు. అది తండ్రి నుంచి కొడుక్కు ఇంటిపేరుతో పాటే నడుస్తుంది కాబట్టి, ఒకే పేరున్న రెండు కుటుంబాలకు మూలపురుషుడు ఒక్కడేనా అన్నది తేల్చగలదు.

డబ్లిన్‌వాసి

నమూనా ఇప్పుడే ఇప్పించాలన్న జన్యురేఖగారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అది కాగితాలకు బదులవుతుందన్న మాటతో మాత్రం ఏకీభవించలేను. ద్వీప సమాజాలలో కొన్ని కుటుంబాల మధ్యనే తరతరాలుగా వియ్యాలు సాగాయి. అలాంటిచోట ఇద్దరు మనుషులు ఒక దారిలో కాక మూడు నాలుగు దారులలో చుట్టాలవుతారు. పరీక్ష ఫలితంలో ‘మూడో తరం దాయాది’ అని కనిపించిన వ్యక్తి నిజానికి అయిదో ఆరో తరం బంధువై, అనేక దారుల నుంచి వచ్చిన చిన్నచిన్న డీఎన్ఏ భాగాలు కలిసి దగ్గరి చుట్టంలా కనిపిస్తూ ఉండవచ్చు. మేనరికాలున్న తెలుగు కుటుంబాలలో ఈ పరీక్ష చేయించుకున్నవారికి ఈ అనుభవం కొత్త కాదు.

పైగా ఆ పోలికలలో కనిపించేవారిలో చాలామంది, ఊరి పేరు తెలియని మీవంటి అమెరికా కుటుంబాలవారే. వారి దగ్గరా కాగితం లేకపోతే పోలిక ఎంత బలంగా ఉన్నా ఊరు తెలియదు. అందుచేత రెండు పనులూ సమాంతరంగా జరగాలి.

జన్యురేఖ, మెల్‌బోర్న్

అంగీకరిస్తున్నాను. ఒక చిన్న సూచన చేర్చుతాను. పోలిక మొత్తం ఎంత అన్నదానికంటే అందులో అతి పొడవైన ఒక్క భాగం ఎంత అన్నది చూడండి. మొత్తం ఎక్కువగా ఉండి, భాగాలన్నీ పొట్టిగా ఉంటే అది అనేక పాత బంధుత్వాల కలయిక. మొత్తం తక్కువైనా ఒక భాగం పొడవుగా ఉంటే సమీప పూర్వికుడు ఉండే అవకాశం ఎక్కువ.

లాలాగూడ మనవడు, సికింద్రాబాద్

ఈ చర్చను ఆసక్తితో చదువుతున్నాను, ఎందుకంటే నాకూ ఐర్లండ్‌తో రక్తసంబంధం ఉంది. మా అమ్మమ్మగారిది ఆంగ్లో-ఇండియన్ కుటుంబం. ఆమె ముత్తాత మద్రాసు సైన్యంలో సిపాయిగా వచ్చిన ఐరిష్ కథోలికుడనీ, ఆ తర్వాతి తరాలవారు రైల్వేలో పనిచేశారనీ ఇంట్లో చెప్పుకుంటారు. వారి ఇంటిపేరు కూడా అరుదైనదే, కానీ ఏ కౌంటీయో కూడా మాకు తెలియదు. శారదగారి చర్చకు అడ్డం వస్తున్నానని భావించకపోతే, మావంటివారు ఎక్కడ వెతకాలో చెప్పగలరా?

పాతకాగితాలు, హైదరాబాద్

అడ్డమేమీ లేదు, విషయం ఒక్కటే. నిజానికి సిపాయిని వెతకడం కూలీని వెతకడం కంటే తేలిక, ఎందుకంటే సైన్యం తన మనిషి ఎక్కడివాడో రాసుకుంది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో యూరోపియన్ల రెజిమెంట్లు ఉండేవి, వాటిలో ఐరిష్‌వారి సంఖ్య చాలా ఎక్కువ. మద్రాస్ ఫ్యూసిలియర్స్ అన్న దళం 1862లో రాణి సైన్యంలో 102వ రెజిమెంటుగా చేరి, 1881లో బొంబాయి ఫ్యూసిలియర్స్‌తో కలిసి రాయల్ డబ్లిన్ ఫ్యూసిలియర్స్ అయింది. డబ్లిన్ పేరు పెట్టుకున్న ఆ దళం పుట్టుక మన మద్రాసులో జరిగిందని తెలిసినవారు తక్కువ.

మీరు చూడవలసినవి రెండు చోట్ల ఉన్నాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులున్నాయి, వాటిలో ఎన్-2 అన్న వరుసలో మద్రాసు ప్రెసిడెన్సీలోని జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, సమాధుల నకళ్లు ఉంటాయి. మద్రాసు సైన్యపు హాజరు పట్టీలు ఎల్-మిల్-11 వరుసలో ఉంటాయి. ఆయన కంపెనీ సైన్యంలో కాక రాజు సైన్యంలో పనిచేసి పింఛను పొంది ఉంటే, లండన్ శివార్లలోని క్యూలో ఉన్న బ్రిటన్ జాతీయ పత్రాగారంలో డబ్ల్యూఓ-97 వరుసలో విడుదల పత్రం దొరకవచ్చు. అందులో పుట్టిన పారిష్, దగ్గరి పట్నం, కౌంటీ, పూర్వపు వృత్తి రాసి ఉంటాయి. ఫిబిస్ అన్న సంఘం బ్రిటిష్ ఇండియా కుటుంబాల సూచికలను ఉచితంగా అందుబాటులో ఉంచింది, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఒక్క హెచ్చరిక. కథోలిక సిపాయిల ఇళ్లలోని జ్ఞానస్నానాలన్నీ లండన్‌కు పంపిన నకళ్లలో చేరలేదు. సికింద్రాబాద్‌లోని పాత కథోలిక విచారణల (పారిష్‌ల) రిజిస్టర్లను గురువుల అనుమతితో స్వయంగా చూడగలిగితే చూడండి. మీరు ఊళ్లోనే ఉన్నారు, ఆ అవకాశం లండన్‌లో ఉన్నవారికి లేదు.

లాలాగూడ మనవడు, సికింద్రాబాద్

ధన్యవాదాలండీ. ఫిబిస్‌లో మా ఇంటిపేరుతో మూడు రూపాలు కనిపించాయి. వాటిని విడదీసిన తర్వాత వేరే చర్చగా ప్రారంభిస్తాను.

శారద, క్లీవ్‌లాండ్

చాలా సంతోషంతో రాస్తున్నాను. పాతకాగితాలుగారు చెప్పిన పద్ధతిలో న్యూపోర్ట్ జిల్లాలోని కిల్‌బేన్, గిల్‌బేన్ జననాలన్నింటినీ తెరిచి పట్టిక వేశాను. 1869లో పుట్టిన ఒక ఆడపిల్ల నమోదులో తండ్రి పేరు మరణ పత్రంలోని పేరే, తల్లి పుట్టింటి పేరు కాఫర్కీ, నివాసం డూఆ. అదే దంపతులకు 1866లోనూ 1872లోనూ పుట్టినవారితో కలిపి మరో అయిదుగురు పిల్లలున్నారు. ఆ తల్లిదండ్రుల జంట పేర్లు ఆ పట్టికలో మరెక్కడా రాలేదు. డూఆ అన్నది అకిల్ ద్వీపం పడమటి కొసన ఉన్న పల్లె అని పటంలో చూశాను.

తర్వాత ఇక్కడి పబ్లిక్ లైబ్రరీలో ఉన్న నెక్రాలజీ ఫైల్ చూశాను. అది క్లీవ్‌లాండ్ పత్రికలలో వచ్చిన మరణ వార్తల సూచిక. తాతగారి మరణ ప్రకటనలో ఇద్దరు చెల్లెళ్ల పేర్లున్నాయి, వాళ్లలో ఒకరు 1869లో పుట్టిన ఆ అమ్మాయేనేమో అనిపిస్తోంది. అయితే ఆమె అక్కడ డీలియా, ఐర్లండ్ నమోదులో బ్రిజెట్. ఇద్దరూ ఒకరేనా?

1901 గణనలో డూఆలో సరిపోయే కుటుంబం ఒకటి కనిపించింది కానీ, తండ్రి వయసు 60 అని ఉంది. 1911లో అదే మనిషి వయసు 76! పదేళ్లలో పదహారేళ్లు ఎలా పెరుగుతాయి? వేరే మనిషా అని అనుమానం వచ్చింది.

డబ్లిన్‌వాసి

అభినందనలు శారదగారూ. డీలియా, బ్రిజెట్ ఒకే పేరు. బ్రిజెట్ అన్న పేరుతో ఐర్లండ్‌లో పెరిగిన ఎందరో ఆడపిల్లలు అమెరికాలో డీలియాగా మారారు. పారిష్ పుస్తకంలో అదే మనిషి లాటిన్‌లో బ్రిజిడా అవుతుంది. జేమ్స్ జాకోబస్ అయినట్టే, హొనోరా ఇంట్లో నోరా అవుతుంది. కాబట్టి పేరు వేరైనంత మాత్రాన మనిషి వేరని అనుకోవద్దు.

వయసు సంగతికి చక్కని చారిత్రక కారణం ఉంది. 1908లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చి, 1909 జనవరి నుంచి డెబ్బై ఏళ్లు నిండినవారికి పింఛను ఇవ్వడం మొదలైంది. జనన పత్రాలు లేని తరానికి వయసు రుజువు చేయడం ఎలా? 1839 జనవరి 6 రాత్రి ఐర్లండ్‌ను అతలాకుతలం చేసిన ‘పెనుగాలి రాత్రి’ తనకు గుర్తుందని చెప్పడం ఒక దారి. డబ్లిన్‌లో 1841, 1851 గణనల పత్రాలలో తన కుటుంబాన్ని వెతికించుకోవడం మరో దారి. అందువల్ల 1901, 1911 మధ్య దేశమంతటా ముసలివారి వయసులు పదికి మించి పెరిగాయి. ఊరూ, భార్య పేరూ, పిల్లల పేర్లూ సరిపోతే వయసులో తేడాను చూసి మనిషిని వదిలేయకండి.

ఆ పింఛను దరఖాస్తులే మీకు నిధి కావచ్చు. ఆనాడు వయసు నిర్ధారణ కోసం గణన పత్రాలను వెతికిన ఫారాలు జాతీయ పత్రాగారంలో మిగిలి ఉన్నాయి, అంతర్జాలంలోనూ చూడవచ్చు. దరఖాస్తుదారు తన తల్లిదండ్రుల పేర్లనూ, 1841లోనో 1851లోనో తాము ఉన్న టౌన్‌ల్యాండునూ చెప్పేవారు. వెతికిన గుమాస్తా తనకు దొరికినది పక్కన రాసేవాడు. అసలు గణన పత్రాలు 1922లో కాలిపోయినా, ఆ గుమాస్తా రాసుకున్న రెండు వాక్యాలు మిగిలాయి. మీరు చూసిన ఆ తండ్రి 1909లో దరఖాస్తు పెట్టి ఉంటే, ఆయన తల్లిదండ్రుల పేర్లు, అంటే 1840ల మహా కరవుకు ముందు తరం, అక్కడ దొరకవచ్చు.

1911 పత్రంలో ఇంకొక గడి చూశారా? పెళ్లైన స్త్రీలు ఎన్నేళ్ల క్రితం పెళ్లయింది, ఎందరు పిల్లలు పుట్టారు, ఎందరు బతికి ఉన్నారు అన్నది చెప్పాలి. ఆ తల్లి పేరున ఉన్న సంఖ్యను మీ పట్టికలోని పిల్లల సంఖ్యతో పోల్చండి. పట్టికలో తక్కువైతే, ఆ లోటులో 1864కు ముందు పుట్టినవారు ఉండవచ్చని అర్థం. మీ అత్తగారి తాతగారు ఆ సంఖ్యలోనే ఉండాలి.

శారద, క్లీవ్‌లాండ్

చూశాను. తొమ్మిదిమంది పుట్టారు, ఏడుగురు బతికి ఉన్నారు అని ఉంది. ప్రభుత్వ నమోదుల్లో నాకు దొరికినది ఆరుగురే. పెళ్లయి 52 ఏళ్లని రాశారు, అంటే 1859 ప్రాంతం. 1862లో ఒక కొడుకు పుట్టడానికి అది సరిగ్గా సరిపోతుంది. అయినా ఈ అమరిక చాలని నేను అనుకోవడం లేదు. ఆయన జ్ఞానస్నానం నేరుగా దొరికే మార్గం ఉందా?

డబ్లిన్‌వాసి

కథోలిక పారిష్ రిజిస్టర్ల చిత్రాలను ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015 జులై నుంచి అందరికీ ఉచితంగా ఇచ్చింది. చాలావరకు 1880 దాకా ఉంటాయి. కానీ పశ్చిమ తీరంలోని పేద పారిష్‌లలో రిజిస్టర్లు ఆలస్యంగా మొదలయ్యాయి, అకిల్‌లో 1862 నాటి పుట దొరుకుతుందని నేను ఆశ పెట్టను. అయినా 1864 తర్వాతి పిల్లల జ్ఞానస్నానాలు అక్కడ ఉంటే తప్పక చదవండి. ప్రభుత్వ నమోదులో లేని జ్ఞానతల్లిదండ్రుల పేర్లు వాటిలో ఉంటాయి, వాళ్లు ఎక్కువగా తండ్రి తోబుట్టువులో తల్లి తోబుట్టువులో అవుతారు. పెళ్లి నమోదుల్లో దగ్గరి రక్తసంబంధం ఉన్న వధూవరులకు ఇచ్చిన మినహాయింపు, ఎన్నో తరమో లాటిన్‌లో రాసి ఉంటుంది. అకిల్ వంటిచోట ఆ ఒక్క పంక్తి రెండు ఇళ్ల మధ్య ముత్తాతను చూపించగలదు, ఇందాక నేను చెప్పిన డీఎన్ఏ చిక్కును విప్పడానికీ పనికివస్తుంది.

జననం తేదీ జ్ఞానస్నానం తేదీ తర్వాత వస్తే ఆశ్చర్యపోకండి. ఆలస్యంగా నమోదు చేస్తే జరిమానా పడుతుందని తల్లిదండ్రులు అసలు పుట్టినరోజుకు కొన్ని వారాల తర్వాతి తేదీని చెప్పేవారు.

ఇక భూమి దగ్గరకు వద్దాం. గ్రిఫిత్ వాల్యుయేషన్ అన్న పన్ను లెక్క 1847 నుంచి 1864 మధ్య దేశమంతటా ప్రచురితమైంది, మేయో భాగం 1850ల నడుమ వచ్చింది. ఇంటింటికీ ఎవరు కౌలుదారు, ఎవరి భూమి, ఎంత విస్తీర్ణం అన్నది అందులో ఉంటుంది. అకిల్‌లో భూమిని చాలామంది కలిసి ఉమ్మడిగా సాగుచేసేవారు, ఆ పద్ధతిని రండేల్ అంటారు. అందువల్ల ఒకే భూఖండం కింద పదిమంది పేర్లు వరుసగా కనిపించవచ్చు. ఒకే పేరున్న ఇద్దరుంటే గుమాస్తాలు పక్కన తండ్రి పేరో, జుట్టు రంగో, వృత్తో చేర్చి వేరు చేశారు. ‘టామ్ కొడుకు’ అన్నట్టు ఒక చిన్న గుర్తు కిల్‌బేన్ పక్కన ఉంటే, మీకు మరో తరం దొరికినట్టే.

గ్రిఫిత్ తర్వాత ప్రతి మార్పునూ రాసుకున్న సవరణ పుస్తకాలు డబ్లిన్‌లోని తైల్తే ఏరన్ అనే ప్రభుత్వ భూ నమోదు సంస్థ కార్యాలయంలో ఉన్నాయి. కౌలుదారు చనిపోయి కొడుక్కు భూమి వెళ్లినప్పుడు పాత పేరు కొట్టేసి కొత్త పేరు వేరే రంగు సిరాతో రాసి, పక్కన సంవత్సరం వేశారు. కాలక్రమంలో ఆ గడులను వెనక్కి చదువుకుంటూ వెళితే, 1911లో మీరు చూసిన ఇల్లు ఏ గ్రిఫిత్ ఇంటికి చెందినదో కచ్చితంగా తెలుస్తుంది, పటం మీద ఆ స్థలాన్నీ గుర్తించవచ్చు. అకిల్‌లో ఇళ్లు ఒకచోటి నుంచి మరొకచోటికి మారిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి, పాత పటంలోని గోడలను నేరుగా ఇవే అనుకోకండి, సవరణ పుస్తకంతో సరిచూడండి. డూఆ కిల్‌బేన్ వరుస సంఖ్యలు మీరు పంపితే, నేను వచ్చే వారం అక్కడికి వెళ్లినప్పుడు ఆ పుటలు చూసి నకళ్లు తీసుకుంటాను.

పాతకాగితాలు, హైదరాబాద్

శారదగారూ, ఒక పని మీ వైపు నుంచి మిగిలి ఉంది. తాతగారి పెళ్లి క్లీవ్‌లాండ్‌లో కథోలిక చర్చిలో జరిగి ఉంటే, కౌంటీ కార్యాలయంలోని పత్రం కాకుండా చర్చి రిజిస్టర్ చూడండి. వధూవరులు ఏ పారిష్ నుంచి వచ్చారో పాదిరులు కొన్నిసార్లు రాసుకునేవారు. సాక్షుల పేర్లు కూడా నమోదు చేసుకోండి. వాళ్లలో ఒక కాఫర్కీ ఉన్నా, డూఆ నుంచి వచ్చిన మరొకరు ఉన్నా, ఆయనను ఆ ఇంటికి ముడివేసే గట్టి ఆధారం అదే అవుతుంది. మన అమరిక ఇప్పటికి సరిపోయినా, ఆయనను నేరుగా డూఆతో కలిపే కాగితం ఇంకా ఒక్కటీ మన చేతిలో లేదు.

శారద, క్లీవ్‌లాండ్

చర్చి పెళ్లి నకలు ఈ రోజే వచ్చింది. సాక్షులిద్దరిలో ఒకరి ఇంటిపేరు కాఫర్కీ. వరుడి పేరు పక్కన ‘అకిల్, ట్యూమ్ అధిక్షేత్రం (ఆర్చిడయాసిస్)’ అని పాదిరి రాశారు. గ్రిఫిత్ పుటలో డూఆ కిల్‌బేన్‌ల వరుస సంఖ్యలను డబ్లిన్‌వాసిగారికి విడిగా పంపాను. అత్తగారు నమూనా ఇవ్వడానికి ఒప్పుకున్నారు, ఆమె తమ్ముడు కూడా వై-క్రోమోజోమ్ పరీక్షకు సిద్ధంగా ఉన్నారు. సవరణ పుస్తకం పుటలు వచ్చాక 1850ల ఇంటిని ఇక్కడే అందరితో కలిసి సరిచూద్దాం.